అరుంధతి అనుమానం: అంతర్వేది దారిలో ఒక చర్చ

పెళ్ళయిన జంటకు పురోహితుడు ఆకాశంలోకి వేలు పెట్టి అరుంధతిని చూడమంటాడు. ముహూర్తం పట్టపగలైనా చూపిస్తాడు. కనబడిందా అంటే జంట తల వూపుతుంది. పట్టపగలు చుక్కలు చూపించడం అంటే మన భాషలో అర్థం వేరే వుంది. కొత్త కోడలికి ఆ అర్థం కొద్ది రోజుల్లోనే తెలిసొస్తుంది.

ఆ చుక్కల జంట గురించి మనకు చెప్పింది ఒకటి, పుస్తకాల్లో వున్నది ఒకటి. ఏనాడూ మాటపట్టింపు లేని ఆదర్శ దంపతులని చెప్పారు. పుస్తకాల్లో మాత్రం ఆమెకు అతని మీద అనుమానం వచ్చింది, దానికి ఆమె వెలుగు తగ్గింది. ఆ తర్వాత కూడా ఇద్దరూ ఒకే దారిన పోతున్నారు, ఎడమొహం పెడమొహంగా. ఇంకో సంగతీ వుంది. ఆమె మాతంగి. అంటే మన మనిషి. ఆమె కులమూ ఆమె అనుమానమూ వేర్వేరు సంగతులు కావని మా వాదన. బ్రాహ్మణీయ సాహిత్యం ఆమె పుట్టుకను మొగుడి గొప్పకు సాక్ష్యంగా వాడుకుంది, ఆమె అనుమానాన్ని ఆడదాని తప్పుగా రాసి పెట్టింది. మన రచయితలు పుట్టుకను ఎత్తిపట్టారు, మంచిదే. అనుమానాన్ని మాత్రం అక్కడే వదిలేశారు. ఆ వదిలేసినదాన్ని చర్చకు పెట్టడమే ఈ వ్యాసం పని.

ఈ చర్చ అంతర్వేది దగ్గర మొదలుపెట్టడానికి కారణం వుంది. గోదావరి పాయల్లో పడమటిది వసిష్ఠుడి పేరు మోస్తూ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఈ పాయను తెచ్చింది వసిష్ఠుడే అనీ, ఆయన యాగవేదిక వల్లనే ఊరికి ఆ పేరొచ్చిందనీ స్థలపురాణం చెబుతుంది. రక్తవిలోచనుడనే రాక్షసుడు విశ్వామిత్రుడి మాట మీద వసిష్ఠుడి నూరుగురు కొడుకులను చంపేశాడు. వసిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చి రాక్షసుడితో తలపడ్డాడు. గుడి దగ్గర మనం వినే కథ ఇది. నూరుగురు కొడుకులు పోయారు, మొరపెట్టుకున్నది తండ్రి, వరం పొందింది తండ్రి. ఆ నూరుగురినీ కన్న మనిషి ఆ రోజు ఏం చేసింది? మనకు అందిన కథకు ఆ సంగతి పట్టలేదు.

అసలు యుద్ధంలో కష్టమైన పని కూడా ఒక ఆడమనిషే చేసింది. రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టుకొస్తారని వరం. సముద్రం ఒడ్డున ఇసుకకేం కొదవ? అప్పుడు అశ్వరూఢాంబిక నాలుక చాచి ఆ నెత్తురు నేల మీద పడకుండా పట్టింది. ఆమెనే జనం గుర్రాలక్క అంటారు. పెద్దగుడి స్వామిది, ఆమెకు వేరే చోట చిన్నగుడి. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామికి కల్యాణం జరుగుతుంది. మర్నాడు భీష్మ ఏకాదశికి రథం మీద ఊరేగుతూ చెల్లెలని ఆమెకు చీర పెట్టి వస్తాడు. నెత్తురు తాగి లోకాన్ని కాపాడిన మనిషికి ఏడాదికొక చీర. ఇది మనకు బాగా తెలిసిన లెక్కే. ఇప్పుడున్న గుడిని 1823 నాటికి పూర్తి చేయించింది బెండమూర్లంక అగ్నికుల క్షత్రియుడు కోపనాతి కృష్ణమ్మ, అంటే ఓడల మీద, వలల మీద బతికే కులం మనిషి. గుడి కట్టింది ఎవరైనా గుడిలో చెప్పే కథ మాత్రం వసిష్ఠుడిదే.

ఇదే అంతర్వేది సప్తసాగర యాత్రకు చివరి మజిలీ. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ పక్కన చొల్లంగిలో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల మునుగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరాలి. ఏడు పాయలకూ సప్తఋషుల తీరులో పేర్లు పెట్టారు. బిడ్డలు కావాలనుకునే వాళ్ళు ముఖ్యంగా ఈ యాత్ర చేస్తారని 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులో వుంది. బిడ్డలు లేని జంట అంటే మన ఊళ్ళల్లో ఎట్లాంటి జంటో చెప్పక్కర్లేదు. అత్తగారు రెండో పెళ్ళి మాటెత్తి వుంటుంది. ఆమెను గొడ్రాలనే మాటతో పొడిచి వుంటారు, అతను ఇంట్లో మాట్లాడటం తగ్గించి వుంటాడు. మాటల్లేని మొగుడూ పెళ్ళాలను పది పన్నెండు రోజులు ఒకే దారిన నడిపించే యాత్ర ఇది. కలిసి మునగాలి, కలిసి లేవాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని మాత్రం ఏ విధిలోనూ లేదు.

ఇవాళ అదే దారి చాలావరకు జాతీయ రహదారి 216. చొల్లంగి, తాళ్ళరేవు, యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీదుగా ముమ్మిడివరం, అమలాపురం, పాశర్లపూడి, మామిడికుదురు, తాటిపాక, రాజోలు. అక్కడి నుంచి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. నరసాపురం వైపు వాళ్ళయితే పంటు మీద వసిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతారు. ఈ దారిని గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాం. మామిడికుదురు దగ్గర మళ్ళీ ఆగుతాం.

ఇప్పుడు పుస్తకాల సంగతి.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో రెండు శ్లోకాలు పక్కపక్కనే వున్నాయి. ఆడది ఎట్లాంటి మొగుణ్ణి కట్టుకుంటే ఆ గుణాలే ఆమెకు వస్తాయని ఇరవై రెండోది చెబుతుంది. దానికి ఇచ్చిన పోలిక సముద్రంలో కలిసిన నది. ఆ వెంటనే ఇరవై మూడోది రుజువులు చూపిస్తుంది. హీనజాతిలో పుట్టిన అక్షమాల వసిష్ఠుణ్ణి చేరి పూజ్యురాలైంది, శారంగి మందపాలుణ్ణి చేరి పూజ్యురాలైంది. అక్షమాల అంటే అరుంధతేనని వ్యాఖ్యాతల మాట. మా ఇళ్ళల్లో మనుస్మృతి చదివిన వాళ్ళు ఎవరూ లేరు, మేమే మొదటి తరం. కానీ ఆ తొమ్మిదో అధ్యాయం మాత్రం మా ఇళ్ళల్లో కూడా అమలవుతూనే వచ్చింది.

ఈ రెండు శ్లోకాల్లో మన మనిషి గురించి ఒక్క మంచిమాటైనా వుందా అని వెతికితే కనిపించదు. ఆమె ఉప్పు కాని నీరు, సముద్రంలో కలిసి ఉప్పయింది. అంతే. గొప్పంతా సముద్రానిది. హీనజాతి అనే మాట ఎత్తకపోతే సముద్రం గొప్ప తెలియదు కనుక ఎత్తారు. మన పుట్టుకను వాళ్ళు దాచలేదు, వాడుకున్నారు. దాచడం తర్వాతి పురాణాల పని. భాగవతంలో ఆమె కర్దముడి కూతురైంది. శివపురాణంలో సంధ్యాదేవి తపస్సు చేసి, మేధాతిథి యజ్ఞకుండంలో మళ్ళీ పుట్టి అరుంధతి అయింది. పుట్టుకకు తల్లి కడుపు కూడా లేకుండా చేసి, నిప్పులో కడిగి తీశారన్నమాట.

బౌద్ధ కవి అశ్వఘోషుడు మాత్రం మొహమాటపడలేదు. బుద్ధచరిత్ర నాలుగో సర్గలో ఉదాయి అనేవాడు సిద్ధార్థుణ్ణి ఆడవాళ్ళ పొందుకు ఒప్పించాలని ఋషుల ఉదాహరణలు ఏకరువు పెడతాడు. వసిష్ఠుడు కూడా కోరిక కొద్దీ మాతంగి అక్షమాలను చేరి కపింజలాదుడనే కొడుకును కన్నాడని చెబుతాడు. ఇక్కడ పాతివ్రత్యమూ లేదు, నదీ సముద్రమూ లేదు. ఒక పెద్దకులపోడు వాడకొచ్చి పోయిన కథలా వుంది. ఈ కథ మన ఊళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బౌద్ధ కవి కూడా ఆమెను నిందితురాలనే అన్నాడు. ఋషిని ఎగతాళి చెయ్యడానికి కూడా ఆమె కులమే అక్కరకొచ్చింది.

మనువు చెప్పిన రెండో జంట దగ్గరకు పోదాం. అసలు తిరకాసు అక్కడుంది. మందపాలుడి కథ ఆదిపర్వంలో, ఖాండవ దహనం దగ్గర వస్తుంది. మందపాలుడు కొడుకులు లేని ఋషి. కొడుకులు లేకపోతే పితృలోకంలో చోటు లేదన్నారు. తొందరగా పిల్లలు కావాలంటే పక్షి జన్మే మేలని శారంగపక్షి అయి, జరితను చేరి నలుగురు కొడుకులను కన్నాడు. పిల్లలింకా గుడ్లలో వుండగానే లపిత అనే ఇంకో ఆడపక్షి వెంట పోయాడు. కృష్ణార్జునులు అడవికి నిప్పు పెట్టారు. రెక్కలు రాని నాలుగు పిల్లలతో జరిత ఒక్కతే గూట్లో వుంది. నలుగురిని మోసుకుని ఎగరలేదు, ఒకరిని మోసి ముగ్గురిని వదల్లేదు. అమ్మా నువ్వు పో, నువ్వుంటే మళ్ళీ పిల్లలు పుడతారని పిల్లలే అంటారు. భారతంలో ఇంత గుండె కోసే సన్నివేశాలు తక్కువ. పెద్దవాళ్ళు యుద్ధాలకు పోవడమే మన పంతుళ్ళు చెప్పారు గానీ ఈ గూటి దగ్గరి మాటలు చెప్పలేదు.

మంట చల్లారాక మందపాలుడు వస్తాడు. ఏ బిడ్డ పెద్దోడు, ఏ బిడ్డ చిన్నోడు అని పలకరిస్తాడు. జరిత మొహం తిప్పుకుంటుంది. నీకు పెద్దోడితో పనేంటి, చిన్నోడితో పనేంటి, నన్నొదిలేసి ఎవరి దగ్గరకు పోయావో ఆ లపిత దగ్గరకే పో అంటుంది. అప్పుడు ఆ ఋషి తన తప్పు మాట ఎత్తకుండా ఆడజాతి గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. ఆడదానికి సవతి పోరును మించిన చేటు లేదంటాడు. అంత పేరున్న అరుంధతి సయితం తన మేలు కోరే వసిష్ఠుణ్ణి అనుమానించింది, అవమానించింది, అందుకే పొగచూరిన మంట రంగుతో కనపడీ కనపడని చిన్న చుక్క అయిందంటాడు. పెళ్ళాం బిడ్డలను మంటల్లో వదిలేసి పోయినవాడు చెప్పిన సాక్ష్యం ఇది. అరుంధతి అనుమానం గురించి మనకు దొరుకుతున్న ఆధారం పారిపోయి వచ్చిన మొగుడి నోట రావడం గమనించాలి. ఆ తర్వాత ఏం జరిగింది? పెళ్ళాన్నీ కొడుకులనూ తీసుకుని మందపాలుడు ఆ చోటు విడిచి ఇంకో దేశానికి పోయాడని ఒక్క వాక్యంలో కథ ముగుస్తుంది. కాలిన అడవి వెనక వుంది. మాట మాటా అనుకున్న మొగుడూ పెళ్ళాలు పిల్లలతో కలిసి ఎటో పోతున్నారు. దారిలో జరిత ఏం మాట్లాడిందో వ్యాసుడు రాయలేదు. ఈ కథలో మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఆ రాయని ప్రయాణమే.

అరణ్యపర్వంలో ఇంకో కథ వుంది. స్వాహాదేవి అగ్ని మీద మనసుపడి, సప్తఋషుల భార్యల రూపాలు ఒక్కొక్కటీ ధరించింది. ఆరుగురి రూపాలు తీసుకోగలిగింది, అరుంధతి రూపం తీసుకోలేకపోయింది. తప్పు స్వాహాది. కానీ ఆరుగురు ఋషులూ తమ తమ పెళ్ళాలను వదిలేశారు. వాళ్ళే కృత్తికలై వేరే చోట గుంపుగా వున్నారు. అరుంధతి ఒక్కతే మిగిలింది. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మొగుళ్ళ అనుమానానికి ఆరుగురు ఆడవాళ్ళు ఇల్లు పోగొట్టుకున్నారు. పెళ్ళాం అనుమానానికి మొగుడికి ఏమీ కాలేదు, పెళ్ళామే వెలుగు పోగొట్టుకుంది. ఆకాశం మీద రాసినా ఈ న్యాయం ఊరి పంచాయితీ రచ్చబండ మీద చెప్పే న్యాయం లాంటిదే. పెళ్ళి పందిట్లో అరుంధతిని చూపించే పురోహితుడు అవతల వున్న కృత్తికలను కూడా చూపించాలి కదా.

మరో చోటు భీష్మపర్వం. యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి అపశకునాలు వరసగా చెబుతాడు. వాటిలో ఒకటి, అరుంధతి వసిష్ఠుణ్ణి వెనక్కి నెట్టి తాను ముందు నడుస్తోందని. ఈ ఒక్క శ్లోకం పట్టుకుని భారతయుద్ధం తేదీ లెక్కకట్టే పండితులున్నారు. తేదీతో మనకు పనిలేదు. పెళ్ళాం రెండడుగులు ముందు నడిస్తే లోకం మునిగిపోతుందనే భయం ఎవరిదో, ఆ మాటలో తెలుస్తోంది. ఖగోళశాస్త్రం ఏమంటుందో కూడా చూశాం. ఇంగ్లీషులో వసిష్ఠ నక్షత్రం పేరు మైజార్, అరుంధతి పేరు ఆల్కార్. మనకు ఎనభై కాంతి సంవత్సరాల దూరంలో, ఒకే గుంపులో, ఒకే వైపు ప్రయాణం చేస్తున్నాయి. వసిష్ఠుడనుకున్న ఆ ఒక్క చుక్కా నిజానికి నాలుగు నక్షత్రాలు. అరుంధతి పక్కన కూడా ఒక మసక చుక్క వుందని 2009లో బయటపడింది. మందపాలుడు అప్పుడే ఇంకో ఉపన్యాసం తయారుచేసుకుంటాడు.

ఇప్పుడు మామిడికుదురు. బోయి భీమన్న 1911లో ఇక్కడ పుట్టారు. అంతర్వేది తీర్థానికి పోయే దారి ఆయన ఊరి మీదుగానే పోతుంది. పాలేరు నాటకంతో కోస్తా జిల్లాల పాలేరు పిల్లలను బడి వైపు చూసేలా చేసిన మనిషి. గుడిసెలు కాలిపోతున్నాయి కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయనే రాగవాసిష్ఠం నాటకంలో అరుంధతీ వసిష్ఠుల కథను కులాంతర వివాహ కథగా నిలబెట్టారు. వేదకాలపు ఋషి పరంపరలో మనవాళ్ళ వాటా ఏమిటో చూపించాలన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న పని. ఆ కాలంలో ఆ పనికి ఎంత గుండె కావాలో ఇప్పుడు కూర్చుని తక్కువ చేసి మాట్లాడటం సబబు కాదు. పెళ్ళిలో మీరు దండం పెట్టే చుక్క మా వాడ పిల్ల అని పండితుల సభలో చెప్పడం చిన్న సంగతి కాదు.

కానీ విమర్శ విమర్శే. భీమన్న గారి దారి పెళ్ళి దగ్గరే ఆగింది. కులాంతర వివాహం జరగడమే విముక్తి అనుకుంటే పెళ్ళి తర్వాత కథ అక్కర్లేదు. ఆ మాతంగి పిల్ల ఆశ్రమంలో ఎట్లా బతికింది, ఆమెను ఎవరు ఏమన్నారు, ఆమె ఎందుకు అనుమానించింది, ఎందుకు ముందు నడిచింది అన్న ప్రశ్నలు వివాహం తర్వాతే పుడతాయి. కులాంతర వివాహాలు చేసుకున్న మన ఆడపిల్లల్ని అడిగితే చెబుతారు. పెళ్ళి ఒక్క రోజు పోరాటం, కాపురం రోజూ పోరాటం. నువ్వు మా ఇంటికొచ్చాక బాగుపడ్డావు అనే మాట మనువు ఇరవై రెండో శ్లోకానికి ఇంటి భాషలో అనువాదం. అరుంధతికి గౌరవం తేవాలన్న తపనలో ఆమెను వసిష్ఠుడి పక్కన కూర్చోబెట్టి వదిలేస్తే, నది సముద్రంలో కలిసిందనే మాటకే మనం కూడా సంతకం పెట్టినట్టవుతుంది.

1920లు, 30ల్లో మద్రాసులోనూ హైదరాబాదులోనూ అరుంధతీయ పేరుతో మాదిగలు సభలు పెట్టుకున్నారు. షెడ్యూల్డు కులాల జాబితాలో ఆ పేరు ఇప్పటికీ వుంది. తిట్టుగా వాడే కులం పేరుకు బదులు గౌరవం వున్న పేరు కావాలనుకున్నారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా ఉద్యమం దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. తిట్టునే పేరు చివర తోకగా పెట్టుకుంది. మొదటి దారి మీ చుక్క మాది అంది. రెండో దారి మీ తిట్టు మా జెండా అంది. మాకు రెండో దారే దగ్గరగా అనిపిస్తుంది. అయినా అరుంధతిని వాళ్ళకు వదిలేయాలని మేము అనడం లేదు. వసిష్ఠుడి భార్య అనే గుర్తింపుతో కాకుండా వసిష్ఠుణ్ణి అనుమానించిన మనిషిగా ఆమెను తెచ్చుకోవాలి అంటున్నాం.

ఈ తేడా ఎంత అవసరమో కోనసీమ 2022లో చూపించింది. ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడింది. మేలో దానికి అంబేడ్కర్ పేరు కలుపుతామని ప్రభుత్వం ప్రకటించింది. మే 24న అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు, బీసీ శాసనసభ్యుడి ఇల్లు తగలబెట్టారు. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. ఇదే సీమలో ప్రతి పెళ్ళిలోనూ మాతంగి పేరు పలుకుతారు. దానికి ఎవరికీ కోపం రాదు. ఎందుకంటే ఆ పేరు మొగుడి పక్కన ఒదిగి వుంది, నీళ్ళలో కలిసిపోయింది. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన మనిషి పేరు అట్లా కలవదు. కలవని పేరు బోర్డు మీద కనపడితే చాలు, నిప్పు పట్టుకుని వచ్చారు.

నదీ సముద్రాల పోలిక మనువుకు ముద్దొచ్చింది గానీ, సముద్రం ఒడ్డున కాపురముండే వాళ్ళను అడిగితే ఆ పోలిక నిలబడదు. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు తగ్గిన ఎండాకాలంలో ఉప్పునీరు వసిష్ఠలోకి ఎగదన్నుకొస్తుంది. చేలు చౌడుబారతాయి, బోర్లు ఉప్పవుతాయి. సముద్రం గొప్ప గుణాలు నదికి అంటుకోవడమంటే మా అనుభవంలో ఇదే. వరద రోజుల్లో సంగతి తిరగబడుతుంది. గోదారి ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయి కనిపిస్తుంది. ఈ సీమలోనే కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం తన కవితా సంపుటికి నది పుట్టిన గొంతుక అని పేరు పెట్టుకున్నారు. మనువు నది ఎక్కడ కలుస్తుందో చూశాడు. తారకం ఎక్కడ పుట్టిందో చూశారు.

ఇంతకీ ఆ జంట ఇప్పుడు ఎక్కడ ప్రయాణం చేస్తోంది? మా లెక్కలో శంషాబాదు విమానాశ్రయం నుంచి రాజోలు వచ్చే కార్లలో. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం చుట్టుపక్కల వాడల నుంచి ఆడవాళ్ళు కువైటు, మస్కటు, దుబాయి ఇంటిపనులకు పోవడం దశాబ్దాలుగా వుంది. ముప్పై నిండని ఆడమనిషికి ఆ పనికి అనుమతి లేదన్నది చాలాకాలంగా వున్న నిబంధన. కనుక పోయేవాళ్ళు ఎక్కువగా పిల్లల తల్లులే. ఇక్కడ పెళ్ళాం ముందు నడిచింది, మొగుడు వెనక మిగిలాడు. వ్యాసుడి అపశకునం నిజమైంది, లోకం మాత్రం మునగలేదు. అప్పు తీరింది, స్లాబు పడింది, పిల్ల ఇంజనీరింగు చదివింది. అనుమానం కూడా పుట్టింది, అయితే ఈసారి మొగుడి వైపు నుంచి. ఫోను ఎందుకు ఎత్తలేదు, సేటు ఎట్లాంటివాడు, పంపిన డబ్బు ఇంతేనా. ఆమె వైపు కూడా ప్రశ్నలున్నాయి. పంపిన డబ్బు ఏమైంది, ఆ పక్కింటావిడ మా ఇంట్లో ఎందుకు వండుతోంది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఆమె సెలవు మీద దిగితే, మొగుడు కారు మాట్లాడుకుని ఎదురెళ్తాడు. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా రాత్రంతా ప్రయాణం. డ్రైవరు వింటాడని ఇద్దరూ ఏమీ మాట్లాడరు. అట్టపెట్టెలు మధ్యలో వుంటాయి. ఈ ప్రయాణం మన కథల్లోకి రావాల్సినంతగా రాలేదు. గల్ఫు మీద రాసినప్పుడు అక్కడి హింస రాశాం, అది రాయాల్సిందే. తిరిగొచ్చే రాత్రి కారులోని మౌనాన్ని రాయలేదు. అది రాస్తే మన మగవాళ్ళ సంగతి కూడా రాయాల్సొస్తుంది. ఆధిపత్య కులాల మగవాణ్ణి నిలదీసిన కలం మన ఇంటి మందపాలుడి దగ్గరకు వచ్చేసరికి తడబడుతోంది. దళిత స్త్రీలు ఈ మాట ఎప్పటి నుంచో అంటున్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన నల్లపొద్దు చదివినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

చివరగా జనం నోట వున్న కథ ఒకటి. వసిష్ఠుడు ఇసుక మూట పట్టుకుని, దీన్ని అన్నం వండిపెట్టే పిల్లనే పెళ్ళి చేసుకుంటానని ఊరూరా తిరిగాడు. అందరూ నవ్వారు. చండాల వాడలో అరుంధతి పొయ్యి మీద కుండ పెట్టి వండింది. కొన్ని చోట్ల ఇసుక బదులు ఇనుప గుగ్గిళ్ళంటారు. పండితులు దీన్ని తపోమహిమ అంటారు. గింజ లేని రోజు ఉత్తనీళ్ళ కుండ పొయ్యి మీద పెట్టి, వుడుకుతోంది పడుకోండి అని పిల్లల్ని జోకొట్టిన తల్లులున్న వాడలో ఆ వంట మహిమ అనిపించదు, అలవాటు అనిపిస్తుంది. పెళ్ళయ్యాక అతను తన కమండలం ఇచ్చి, నేనొచ్చేదాకా దీన్నే చూస్తుండమని చెప్పి పోయాడు. ఏళ్ళు గడిచాయి, రాలేదు. పెద్దలొచ్చి చూపు తిప్పమన్నా ఆమె తిప్పలేదట. అప్పుడు అతన్నే వెతికి తెచ్చారట. అందుకే పెళ్ళిలో చూపిస్తారంటారు. ఇది అచ్చులో దొరికే పాఠం.

ఇది కాక వాడల్లో వేరే పాఠాలు వుండే తీరాలన్నది మా నమ్మకం. కోనసీమలోనూ బయటా వున్న పాఠకులు, ముఖ్యంగా బడిపంతుళ్ళు, హాస్టళ్ళలో చదివే పిల్లలు, తమ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అరుంధతి కథ ఎట్లా చెబుతారో వాళ్ళ మాటల్లోనే రాసి పంపాలని కోరుతున్నాం. చిందు, డక్కలి కళాకారుల నోట విన్న పాఠాలైతే మరీ మంచిది. ఏ ఊరు, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది తప్పకుండా రాయండి. ప్రత్యేకంగా మేము తెలుసుకోవాలనుకుంటున్నది రెండు సంగతులు. ఆ కమండలం వైపు ఆమె చూస్తూ కూర్చున్న అన్నేళ్ళూ ఆమెకు కూడు పెట్టింది ఎవరు. అతను తిరిగొచ్చినప్పుడు ఆమె మొదట ఏమడిగింది.